ఇటలీ కుర్చీ

మంగళవారం పొద్దున్నే ఫ్రాన్స్ ఫోన్ చేశారు. ఆయన అసలు పేరు రాంరెడ్డి గారు. ఖమ్మం వైపు మనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరై ఇక్కడ అమెరికాలో, మా డబ్లిన్ ఊళ్ళోనే కొడుకు దగ్గర ఉంటున్నారు. అయినా మా గురువారం బల్ల దగ్గర ఆయన్ని ఫ్రాన్స్ అనే పిలుస్తాం. మాకు ఆ అలవాటు చేసిన మనిషి పోయాడని చెప్పడానికే ఆ ఫోన్.

"పెద్దాయన పోయిండట సార్. కొడుకు ఊరు ప్లేనోల, నిద్రలనే. కొడుకు గ్రూప్‌ల మెసేజ్ పెట్టిండు, చూడలేదా?"

చూడలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే వంటింట్లోకి తొంగి చూశాను. మా ఆవిడ సుశీల కరివేపాకు దూస్తోంది. ఎలా చెప్పాలా అన్నది కాదు నా ఇబ్బంది. చెప్పినప్పుడు ఆమె మొహం చూడాలా, వద్దా అన్నది. చివరికి చూస్తూనే చెప్పాను. చేతిలో రెమ్మ పక్కన పెట్టింది. కొళాయి కట్టేసింది. కుర్చీ లాక్కుని కూర్చుని, "అయ్యో" అంది. సొంత అన్న పోయిన రోజున ఆమె ఇలా కూర్చోలేదు. ఎవరెవరికి ఫోన్ చేయాలో ఆ పనిలో పడిపోయింది. ఈయన కోసం మాత్రం పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు. నేనే వెళ్ళి మంట తగ్గించాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే కింద రాసేది ఒట్టి మెచ్చుకోలులా కనిపిస్తుంది. ఆయనంటే నాకు అసూయ. ఉన్నప్పుడు ఉండేది, పోయాడని తగ్గలేదు.

గురువారం సమావేశం మొదలుపెట్టింది నేను. లైబ్రరీ వాళ్ళకి అర్జీ రాసి గది సంపాదించింది నేను. రైల్వేలో టైంటేబుల్ విభాగంలో ఉద్యోగం వెళ్ళబుచ్చినవాణ్ణి కనుక ఏ వారం ఏ విషయం, ఎవరు ఎంతసేపు మాట్లాడాలి అన్నీ పద్ధతిగా రాసి తలుపుకి అంటించేవాణ్ణి. వచ్చేది రాంరెడ్డి గారూ, గుంటూరు ప్రకాశరావు గారూ. ప్రకాశరావు గారు తెలుగు చర్చిలో పెద్ద, మాట మెత్తన. మేం ముగ్గురం కూర్చుని ఒకరి తర్వాత ఒకరం మాట్లాడి, ఇళ్ళకి పోయేవాళ్ళం. ఆ తర్వాత ఆయన వచ్చాడు. రెండు నెలలు తిరక్కుండా గోడ పక్కన కూడా కుర్చీలు వేయాల్సి వచ్చింది.

ఎండాకాలంలో కూడా మంకీ క్యాప్ తీసేవాడు కాదు. కొడుకు కొనిచ్చిన తెల్ల బూట్లు, వాటి మీద ఇస్త్రీ నలగని ప్యాంటు. కుర్చీలో నేరుగా కూర్చోవడం నేను చూడలేదు. పక్కకి తిరిగి, ఒక మోచెయ్యి బల్ల మీద పెట్టి, ఎవరో పిలిస్తే లేచిపోయేవాడిలా కూర్చునేవాడు. జవాబు చెప్పే ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేవాడు. అది శుభ్రంగానే ఉండేది. ఆ తుడిచేంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడేవారు కాదు. నేను ఇంట్లో ఒకసారి అలా తుడిచి చూశాను. "ఏమండీ, కళ్ళు మంటా?" అంది సుశీల.

ఏం ఉద్యోగం చేశాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. కాలేజీలో చరిత్ర చెప్పాడని ప్రకాశరావు గారు, ఏదో ఎంబసీలో అనువాదకుడని రాంరెడ్డి గారు. అడిగితే, "పెద్దవాళ్ళు లేచిపోయాక బల్ల తుడిచేవాణ్ణి లెండి" అనేవాడు. సుశీలని చూసిన మొదటిరోజే "చెల్లెమ్మా" అన్నాడు. ఆ ఒక్క పిలుపుతో నేను ఆయనకి బావగారినైపోయాను. బావగారిని ఏమైనా అనొచ్చు. బావగారు మాత్రం కోపం తెచ్చుకోకూడదు. వేలెత్తి చూపడానికి తప్పేమీ దొరకని మనిషి మీద అసూయ పడటం ఎంత కష్టమో పడ్డవాడికి తెలుస్తుంది.

ఒక గురువారం టీవీలో వస్తున్న ఏదో యుద్ధం గురించి మాటలు నడుస్తున్నాయి. ఎవరు గెలుస్తారు, ఎవరు ఓడతారు అని రాంరెడ్డి గారూ ప్రకాశరావు గారూ గొంతులు పెంచారు. ఆయన కళ్ళజోడు తుడిచి అన్నాడు:

"గెలవడం దాకా అందరూ చెబుతారండీ. గెలిచాక ఏమవుతుందో చూద్దాం. పెళ్ళయ్యేదాకా వియ్యాలవారు ఎంత ముద్దుగా ఉంటారు? మర్నాడు మిగిలిన లడ్డూల గంప దగ్గర చూడాలి వాళ్ళని."

అలా మొదలైంది ఆ ఆట. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక గెలిచిన దేశాల వాళ్ళు పారిస్‌లో చేరి నెలల తరబడి బేరాలాడుకున్నారు. వాళ్ళలో ముఖ్యులు నలుగురు: అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ. ఆ నలుగురి బల్లనే మేం లైబ్రరీ గదిలో వేశాం. ఎవరి దేశం తరఫున వాళ్ళు మాట్లాడాలి. చూడటానికి వచ్చి గోడ పక్కన కూర్చున్నవాళ్ళు 'ప్రజలు'. ప్రజల్లో సుశీల కూడా ఉండేది, ఒళ్ళో లైబ్రరీ నవల పెట్టుకుని.

"ఓడినవాళ్ళకి కుర్చీ వెయ్యరా అన్నయ్యగారూ?" అని అడిగింది మొదటి వారం.

"వెయ్యరు చెల్లెమ్మా. అంతా తేలాక పిలిచి సంతకం పెట్టమంటారు. ఒకందుకు వాళ్ళదే సుఖం. ఏం కావాలని వాళ్ళనెవరూ అడగరు, కనుక వాళ్ళు పోట్లాడుకోరు."

ఆమె నవ్వింది. నవల మూసింది. తర్వాత ఏ వారమూ తెరవలేదు.

బల్ల దగ్గర ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. ఏదైనా అడిగే ముందు, ఎవరిని అడుగుతున్నామో వాళ్ళు యుద్ధంలో పోగొట్టుకున్నది ఒకటి మనమే చెప్పాలి. చెప్పకుండా అడిగితే ఆ అడగడం చెల్లదు. పారిస్‌లో అలాంటి నియమమేదీ ఉన్నట్టు నేను చదవలేదు. ఆ మాటే అన్నాను.

"లేదు బావగారూ. ఉండుంటే బాగుండేది."

ఇలాంటివి చాలా ఉన్నాయి. ఆయన చెప్పిన తారీఖులు సగం తప్పు. ఏ మంత్రి ఏ కుర్చీలో కూర్చున్నాడో, కిటికీ తెర ఏ రంగో కూడా చెప్పేవాడు. అవి ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేసి, తప్పులన్నీ డైరీలో రాసుకుని, తర్వాతి వారం చదివి వినిపించేవాణ్ణి. అందరూ ఓపిగ్గా వినేవారు. నేను ముగించగానే ప్రకాశరావు గారు ఆయన వైపు తిరిగి, "ఆ తెర సంగతి చెబుతున్నారు మీరు" అనేవారు.

దేశాలు పంచింది కూడా ఆయనే, పెళ్ళిలో పెద్ద పనులు పంచినట్టు. గది సంపాదించినవాణ్ణి, పైగా మేం కూర్చున్నదే అమెరికాలో. అమెరికా నాకే వస్తుందనుకున్నాను. రాంరెడ్డి గారికి ఫ్రాన్స్, ప్రకాశరావు గారికి బ్రిటన్ ఇచ్చి, నావైపు చూశాడు.

"బావగారు రైళ్ళ మనిషి. ఇటలీకి ఒక ఓడరేవు కావాలి, దాని దాకా రైలు పట్టాలున్నాయి. ఇటలీ బావగారిది."

"మరి అమెరికా?"

"ఎవరూ పుచ్చుకోవడం లేదుగా. నేనే ఉంచుకుంటాను లెండి."

ఇంటికొచ్చి చదివితే తెలిసింది. ఆ నలుగురిలో ఎవరూ లెక్కచేయనివాడు ఇటలీ ప్రధానమంత్రి. గెలిచీ తనకి రావాల్సింది రాలేదని కుమిలినవాడు. ఫ్యూమే అనే ఆ రేవు కోసం పట్టుబట్టి, ఒకరోజు కిటికీ దగ్గరికి వెళ్ళి ఏడ్చాడట. నలుగురిలోంచి ఈ కుర్చీ నాకెందుకు ఇచ్చాడా అని వారమంతా ఆలోచించాను. సుశీలతో అన్నాను కూడా. "ఆయన రైళ్ళని చెప్పారుగా" అంది. ప్రతి గురువారం సాయంత్రం పక్కింటి ఆవిడకి ఫోన్లో ఆ రోజు ఆయన ఏమన్నాడో పూసగుచ్చినట్టు చెప్పేది. నలభై ఏళ్ళకి పైగా నేను రాసిన డైరీలు అల్మరా నిండా ఉన్నాయి. ఒక్కసారైనా, ఏం రాశారండీ అని అడగలేదు.

అందుకే ఫ్యూమే వారం వచ్చేసరికి నేను గట్టిగా తయారయ్యాను. ఏ ఒప్పందంలో ఇటలీకి ఏమేం ఇస్తామన్నారో రాసుకున్నాను. పెద్ద అట్ట మీద రేవు దాకా వచ్చే పట్టాలన్నీ గీశాను. ఆరోజు గోడ పక్కన కుర్చీలు చాల్లేదు. లేచి నిలబడి, ఒక్క తప్పు లేకుండా, చాలాసేపు మాట్లాడాను. మాట్లాడుతూ సుశీల వైపు చూశాను. శ్రద్ధగా వింటోంది. పూర్తి చేసి కూర్చున్నాను.

అమెరికా కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. నాకు జవాబు చెప్పలేదు. కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు.

"చెల్లెమ్మా, ఇటలీ ప్రజలు మీరే కదా. ఒక మాట చెప్పండి. ఆ రేవు లేకపోతే మీకు నిజంగా ముద్ద దిగదా?"

చరిత్రలో జరిగింది అదే. అమెరికా అధ్యక్షుడు ఇటలీ ప్రధానితో మాట్లాడటం ఆపేసి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, నేరుగా ఇటలీ ప్రజలతో మాట్లాడాడు. అది నాకూ తెలుసు. కానీ ఆ ప్రజల్లో మా ఆవిడ లేదు.

సుశీల నావైపు చూసి, ఆయన వైపు చూసి, కొంగు సర్దుకుంది.

"మాకెందుకండీ రేవు? ఉన్న సామానే సర్దుకోలేక చస్తున్నాం. ఈయనకి కావాలిట."

గది గదంతా నవ్వింది. రాంరెడ్డి గారు బల్ల మీద చరిచారు. "జబర్దస్త్ చెప్పినవమ్మా! ప్రజలంటే గట్లుండాలె!"

నేను కాగితాలు సర్దుకున్నాను. అట్ట చంకలో పెట్టుకుని బయటికి నడిచాను. తలుపు మూసుకుంటుండగా వెనక చప్పట్లు. ప్రకాశరావు గారి గొంతు అన్నిటికీ పైన: "వాకౌట్ అండీ! ఇటలీ వాకౌట్ చేసేసింది! పారిస్‌లో వాళ్ళు లేచిపోయినట్టే, అచ్చం అలాగే చేశారండీ!"

పార్కింగ్ లాట్ లోంచి ఆ గది కిటికీ కనిపిస్తుంది. ఎవరైనా వెనకే వస్తారేమోనని అక్కడ కాసేపు నిలబడ్డాను. ఎవరూ రాలేదు. లోపల ఆయన బల్ల మీదికి వంగి వేలితో ఏదో గీస్తున్నాడు, మిగతా తలలన్నీ ఆ వేలి చుట్టూ చేరాయి. వాటిలో సుశీల తల ఒకటి.

నేను ఇల్లు చేరిన చాలాసేపటికి ఆమె వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "ఎంత బాగా చేశారండీ! మీలో ఇంత నటన ఉందని నాకు తెలీదు. అన్నయ్యగారు కూడా అన్నారు, అసలు ఇటలీవాడు కూడా అంత బాగా లేచి ఉండడని."

ఇక కోపం వచ్చిందని ఎలా చెప్పను?

తర్వాతి గురువారం జలుబన్నాను. ఆమె ఒక్కతే వెళ్ళింది. ఆ సాయంత్రం రాంరెడ్డి గారు ఫోన్ చేశారు.

"ఏం సార్, జలుబు తగ్గిందా? ఇయ్యాల మిస్సయిన్రు సార్ మీరు. మీ కుర్చీల అమ్మ కూసున్నది."

"ఏ అమ్మ?"

"ఇంకెవరు, మీ మేడమే. ప్రధానమంత్రి అలిగి పోతే పోనియ్, దేశం ఉంటది గదా అని పెద్దాయనే కూసోబెట్టిండు. ముందుగాల నాతోనే మొదలువెట్టింది. 'ఫ్రాన్స్ అన్నయ్యా, మీ ఊళ్ళల్ల పొలాలు దున్నేటందుకు కూడా పిల్లలు మిగల్లేదు, నాకెరుకే' అన్నది. గంతే. అటెన్క ఆమె ఏమడిగిందో, నేనేం ఒప్పుకున్ననో దేవునికెరుక."

ఫోన్ పెట్టేశాక అట్ట మీది నా పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాను. నేను అన్నీ చెప్పాను, అది తప్ప. ఎదుటివాళ్ళు పోగొట్టుకున్నది చెప్పకుండానే అడిగాను. అంటే ఆ బల్ల లెక్కలో నేను అసలు ఏమీ అడగనట్టే. సుశీల చెప్పింది, ఎవరూ నేర్పకుండానే. లేక ఆయన నేర్పాడా? ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె చాలా మాట్లాడింది. ఫ్యూమే వదులుకుని బదులుగా ఏదో పుచ్చుకుందట. "మీ రేవు ఇచ్చేశానండీ" అంది పెరుగు వేస్తూ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అంత హుషారుగా మాట్లాడటం నేను ఎప్పుడు చూశానో గుర్తు తెచ్చుకోబోయాను. ఆ హుషారుకి కారణం నేనైన రోజు ఒకటి కావాలి నాకు. దొరికాయి ఒకటి రెండు, చాలా పాతవి.

ఆ పైవారమూ వెళ్ళలేదు. ఇటలీవాడు లేడని పారిస్‌లో బల్ల ఆగలేదు. నేను లేనని లైబ్రరీలోనూ ఆగలేదు. మూడో గురువారం పొద్దున సుశీల మోకాలు పట్టుకుని మంచం మీద కూర్చుంది.

"ఒక్కదాన్నీ నడవలేనేమోనండీ. తలుపు దాకా దిగబెట్టి వచ్చేయండి."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. తలుపు దాకా వెళ్ళాక లోపలికి వెళ్ళకుండా ఎలా ఉంటాను? అదృష్టం బాగుండి రావడానికి ఒక మర్యాదైన కారణం దొరికిందనుకున్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. నేను ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు మ్యాప్ నావైపు జరిపాడు.

"రేవు మాట తర్వాత బావగారూ. ఈ పట్టా కొండ దాటి ఎటు పోతుంది? మాకెవరికీ అంతుపట్టడం లేదు."

చెప్పాను. చాలాసేపు చెప్పాను. అందరూ విన్నారు, ఆయన కూడా చెంపకి చెయ్యి ఆనించి విన్నాడు. సుశీల ఇటలీ కుర్చీలోంచి లేచి, దాని వీపుకి వేసిన తన శాలువా తీసుకుని గోడ పక్కకి వెళ్ళి కూర్చుంది. ఆ శాలువా అక్కడ అలవాటుగా వేసినట్టు ఉంది. నా కుర్చీ నాకు వచ్చింది. ఆమె మొహం చూస్తే, వచ్చిందన్న సంతోషం పూర్తిగా కలగలేదు.

చలికాలానికి ముందు కొడుక్కి ఉద్యోగం మారి ఆయన ప్లేనో వెళ్ళిపోయాడు. వీడ్కోలు సభ వద్దన్నాడు. మామూలుగానే వచ్చి, మామూలుగానే కళ్ళజోడు తుడిచి, అందరూ వెళ్ళాక ఒక కాగితపు రుమాలుతో బల్ల తుడిచి వెళ్ళాడు. ఆ తర్వాత అమెరికా నాకు వచ్చింది. గోడ పక్కన కుర్చీలు మళ్ళీ తగ్గాయి.

ఇక మళ్ళీ మంగళవారానికి వస్తాను. పప్పు దించాక నేనూ ఆమె ఎదురుగా కూర్చున్నాను. గురువారం ఆయన గురించి ఎవరో ఒకరు మాట్లాడాలని, అది నేనే అయితే బాగుంటుందని రాంరెడ్డి గారు అన్నట్టు చెప్పాను.

"మాట్లాడండి. మీరైతే పద్ధతిగా చెబుతారు" అంది. అని తనలో తను నవ్వుకుంది. "ఆ మోకాలు ఆయన చెప్పిందే."

"ఏ మోకాలు?"

"మీరు అలిగి మానేశారే, అప్పుడు. నాకేం నొప్పి లేదు. ఆయనే అన్నారు, 'బావగారిని రమ్మని పిలవకు చెల్లెమ్మా, పిలిస్తే రారు. నీకు కాలు నొప్పనుకో' అని."

"అలిగానని నీకు తెలుసా?"

"కాపురం చేస్తున్నాను కదండీ."

"మరి నటన బాగుందన్నావు?"

"అదీ ఆయన చెప్పిందే. ఇంటికెళ్ళి అలాగే అనమన్నారు."

ఆ బల్ల దగ్గర నేను లేని ఆ గురువారాల్లో నా గురించి అంతా తేలిపోయిందన్నమాట. నేను ఏ కోపంతో లేచానో, దానికి ఏ పేరు పెట్టాలో, ఎప్పుడు, ఏ దారిన తిరిగి రావాలో వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ఒప్పుకున్నారు. నాకు తీర్మానం మాత్రం అందింది. నా మేలుకోరే చేశారు, కాదనను. కానీ మా ఆవిడా, మరో మనిషీ తలలు దగ్గర చేర్చి మాట్లాడుకున్న ఆ మాటలు నాకు కావాలి. ఆ రేవు కూడా నాకు అంతగా కావాలనిపించలేదు.

"ఇంకేమన్నాడు నా గురించి?"

"ముందు మీరు చెప్పండి. ఆవేళ అంత కోపం ఎందుకొచ్చింది?"

నోటి దాకా వచ్చింది. అంతలోనే, "ఇటలీ లేచింది, కనుక లేచాను" అన్నాను.

"అయితే ఆయనేమీ అనలేదు" అంది, కరివేపాకు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ.

బుధవారం రాంరెడ్డి గారికి ఫోన్ చేసి, మాట్లాడేది నేను కాదు, సుశీల అని చెప్పాను. "పెద్ద మనసు సార్ మీది" అన్నారు. ఆయన అనుకున్నంత పెద్దదేమీ కాదు. నలుగురిలో మాట్లాడుతుంటే ఆ మాట ఎక్కడో జారుతుందని నా ఆశ.

గురువారం గోడ పక్కన కుర్చీలన్నీ నిండాయి. ప్రకాశరావు గారు చిన్న ప్రార్థన చేశారు. సుశీల లేచి నిలబడింది, చేతిలో కాగితం లేదు. ముందుగా ఆయన కొడుకు పోగొట్టుకున్నదేమిటో చెప్పింది, అతను ప్లేనో నుంచి ఫోన్లో వింటున్నాడు. తర్వాత మంకీ క్యాప్ గురించి, లడ్డూల గంప గురించి, పక్కకి తిరిగి కూర్చోవడం గురించి చెప్పింది. ఒక రోజు నేను అలిగి వెళ్ళిపోతే తను ప్రధానమంత్రి అయిన సంగతి చెప్పింది. జనం నవ్వారు, నేనూ నవ్వాను. మోకాలు సంగతి కూడా చెప్పేసింది. అక్కడ ఆగింది. నావైపు చూసింది. నేను కుర్చీలో కాస్త ముందుకి జరిగాను.

"ఇంకా చాలా అన్నారు" అంది. "అవి నాకు."

వచ్చి నా పక్కన కూర్చుంది.